ముందే కట్టిన పచ్చ రిబ్బను

ఆసుపత్రిలో ఆమెను అందరూ రిబ్బన్లక్క అంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తెలుసు, ఇంట్లోవాళ్ళకు తెలుసు. మిగతావాళ్ళకు ఆ పేరుతో పని పడలేదు.

ఆమె గది కింది అంతస్తులో, లాండ్రీ పక్కన ఉంటుంది. గోడకు అవతల దుప్పట్లు ఉడుకుతుంటాయి. ఇవతల మిషన్లు బల్లల మీద వరుసగా కూర్చుని తమ వంతు కోసం చూస్తుంటాయి. రక్తపోటు చూసేవి, గుండె గీతలు గీసేవి, ఊపిరి అందించేవి, మందును నరంలోకి సన్నగా నెట్టేవి. ఏ వార్డులో ఏది పాడైనా ఆ గదికే వస్తుంది. బాగుచేసి, పరీక్షించి పంపడం ఆమె పని. బాగుపడనిదాన్ని బాగుపడదని చెప్పడం కూడా ఆమె పనే. రెండోదే కష్టం.

రిబ్బన్లు ఆమె మొదలుపెట్టినవే. అంతకుముందు మిషన్లకు కాగితం చీటీలు అంటించేవారు. తడిగుడ్డతో తుడవగానే చీటీ ఊడేది, ఊడకపోతే అక్షరాలు చెదిరేవి. ఏది మంచిదో ఏది పాడైందో తెలియక నర్సులకు మెట్లెక్కీ దిగీ కాళ్ళు పడిపోయేవి. ఆమె భర్త టైలరు. ఒకరోజు ఆయన కుట్టుమిషను కింద రాలిన ముక్కల్లోంచి పచ్చవీ ఎర్రవీ ఏరుకుని సంచిలో వేసుకొచ్చింది. పచ్చది కడితే మిషను మంచిది, అడగకుండా తీసుకుపోవచ్చు. ఎర్రది కడితే ముట్టుకోకూడదు. చదవక్కర్లేదు, వంగి చూడక్కర్లేదు, గుమ్మంలోంచే కనబడుతుంది. వార్డు నుంచి తిరిగొచ్చిన రిబ్బనును అలాగే మళ్ళీ కట్టదు. గోడ అవతల ఉడుకునీళ్ళలో పడి లేవాల్సిందే.

"మా కాలంలో జడకి కట్టుకోడానికి మూరెడు రిబ్బను దొరికేది కాదు. ఈవిడ చూడు, ఇనప డబ్బాలకి సింగారం చేస్తోంది," అంటుంది అత్తగారు.

"అవి బుద్ధిమంతులు అత్తయ్యా. కట్టినంతసేపూ కదలకుండా కూచుంటాయి."

"ఎందుకు కూచోవు? వాటికి అన్నం వండక్కర్లేదు, మాట వినక్కర్లేదు. నేను కూడా అలాగే కూచుంటా, కట్టు."

రిబ్బన్లక్క తండ్రి బజారులో కాటాలు బాగుచేసేవాడు. చిన్నప్పుడు ఆయన పక్కనే పీట వేసుకుని చూసేది. ఏ కాటా వచ్చినా ఆయన ముందు దాని మీద ఏమీ పెట్టేవాడు కాదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ముల్లు ఊగడం ఆగేదాకా ఊరికే చూసేవాడు. కొట్టువాళ్ళకు తొందర. "ఏంటయ్యా, బేరం పోతోందిక్కడ, నువ్వేమో జపం చేస్తున్నావు?" అనేవారు. "అది చెబుతోంది కదా, విననివ్వండి," అనేవాడు.

తల్లి అలా కాదు. ఆమె చేతులు ఊరుకునేవి కావు. మాట్లాడుతూ బియ్యం ఏరేది, కోపంలో గిన్నెలు తోమేది, ఏడుపొచ్చినా ఏడుస్తూనే బట్టలు మడతపెట్టేది. రిబ్బన్లక్కకు తండ్రి చెవులు వచ్చాయి, తల్లి చేతులు వచ్చాయి. చాలా ఏళ్ళు ఆ రెండూ పోట్లాడుకోకుండా పనిచేశాయి.

ఒక సిరంజి పంపు దగ్గర పోట్లాట వచ్చింది.

సిరంజి పంపు పెద్ద మిషనేం కాదు. చంకలో పెట్టుకుని మెట్లెక్కవచ్చు. మందు నింపిన సిరంజిని దాని మీద పడుకోబెడితే, కంటికి కనబడనంత మెల్లగా వెనకనుంచి నెడుతూ ఉంటుంది. గుండె నీరసించినవాళ్ళకూ రక్తపోటు నిలవనివాళ్ళకూ మందు అలాగే ఎక్కాలి. ట్యూబు ఎక్కడైనా మడతపడినా, రోగి చెయ్యి కింద నలిగినా మిషను అరవాలి. అరుపు విని నర్సు పరుగెత్తుకొస్తుంది. అరవకపోతే ఎవరూ రారు. మందు ఆగిన సంగతి ముందు గుండెకు తెలుస్తుంది, మనుషులకు తరవాత తెలుస్తుంది.

ఆ పంపు ఎవరి చేతిలోంచో జారి, ఒక మూల పెచ్చూడి కిందికొచ్చింది. గొంతు పోయింది. ఏ బటను నొక్కినా పలకడం లేదు. విప్పి చూస్తే స్పీకరు తీగ తెగి ఉంది. రిబ్బన్లక్క తీగ అతికింది, పెచ్చూడిన మూలకు తెల్ల టేపు చుట్టింది. బటను నొక్కితే కుయ్యిమంది. ఇక పరీక్షలు మిగిలాయి.

మొదటి పరీక్షలో మందుకు బదులు నీళ్ళు పెట్టి, కొలత గ్లాసులోకి సరిగ్గా నెడుతోందో లేదో చూడాలి. అది చాలాసేపు పడుతుంది. రెండోది ట్యూబుకు క్లిప్పు పెట్టి బిగించి, మిషను అరిచేదాకా ఆగడం. అరిచాక క్లిప్పు తీసి, కడిగి, కిటికీ గట్టు మీద ఆరబెడుతుంది. అప్పుడు రిబ్బను. ఆమె వరుస ఎప్పుడూ అదే.

ఆ మధ్యాహ్నం మొదటి పరీక్ష నడుస్తోంది. గ్లాసులో నీరు చుక్కచుక్కగా చేరుతోంది. చెయ్యడానికి ఏమీ లేదు. ఏప్రాను జేబులో చేతికి పచ్చ రిబ్బను తగిలింది. తీసి మిషను పిడికి కట్టింది, ముడి వేసింది, కొసలు సరిచేసింది. ఎలాగూ కట్టేదే కదా అనుకుందేమో. అసలు అనుకుందో లేదో కూడా చెప్పడం కష్టం. చేతులు కట్టేశాయి.

సరిగ్గా అప్పుడే గోడ అవతల పెద్ద చప్పుడైంది.

"వదినా! పైపు పగిలింది! నీళ్ళు నీ గదిలోకే వస్తున్నాయి!"

అరిచింది లాండ్రీ వదిన. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు, మధ్యలో ఒక గోడ ఉంది. ఆ గోడ మీద కొట్టి మాట్లాడుకుంటూ వదినలైపోయారు.

తలుపు కిందినుంచి సబ్బునీళ్ళు వేడిగా లోపలికి పాకాయి. రిబ్బన్లక్క కరెంటు ఆపింది. కొలత గ్లాసు పారబోసింది. దొరికినవాళ్ళందరూ దొరికిన మిషను ఎత్తుకుని నడవాలోకి పరుగెత్తారు. బండి బాబాయ్ తన తోపుడుబండి తెచ్చాడు. సరుకులూ సిలిండర్లూ మోసే మనిషి. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళందరికీ ఆయన బాబాయే, రోగుల తాతలకు కూడా. సాయంత్రానికి నీళ్ళు ఎత్తిపోశారు, నేల ఆరింది. ఎర్ర రిబ్బను కట్టినవన్నీ గదిలోకి తిరిగొచ్చాయి. పచ్చవి ఎలాగూ పైకి వెళ్ళాల్సినవే కాబట్టి వార్డులకు వెళ్ళిపోయాయి.

"ఒక్కటి కూడా తడవలేదండీ," అని ఆ రాత్రి భర్తతో గొప్పగా చెప్పి పడుకుంది.

పొద్దున్న వచ్చి బల్ల సర్దుతూ సొరుగు తీసింది. సొరుగులో క్లిప్పు ఉంది.

ఆమె కిటికీ వైపు చూసింది. గట్టు ఖాళీగా ఉంది. క్లిప్పును చేతిలోకి తీసుకుంది. పొడిగా ఉంది, ఒక పంటి దగ్గర సన్నగా దుమ్ము కూడా ఉంది. నిన్న దీన్ని ఎవరూ తడపలేదు.

అంతా ఒక్కసారిగా కళ్ళముందు తిరిగింది. గ్లాసు, చుక్కలు, జేబులో చెయ్యి, ముడి. క్లిప్పును జేబులో వేసుకుంది. తరవాత నడవాలోకి పరుగెత్తింది.

బండి బాబాయ్ మెట్ల కింద టీ తాగుతున్నాడు.

"బాబాయ్, నిన్న మూలకి తెల్ల టేపున్న సిరంజి పంపు ఎక్కడిచ్చావ్?"

"టేపులూ గీపులూ నేను చూళ్ళేదమ్మాయ్. పచ్చవన్నీ పంచేశా. ఒక్కో వార్డు దగ్గర బండి ఆపా, ఎవరికి కావాల్సినవి వాళ్ళు లాక్కున్నారు."

"నన్నొక మాట అడగొచ్చుగా!"

"బాగుంది! పచ్చదుంటే అడగకుండా తీసుకుపొమ్మని ఇన్నేళ్ళూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది ఎవరు?"

ఆమె జరిగిన సంగతి చెప్పింది. బాబాయ్ గ్లాసు కింద పెట్టాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"చడీచప్పుడు కాకుండా ఇద్దరం వెతికేద్దాం. దొరికితే సరేసరి. పైవాళ్ళకి చెప్పావంటే ఇంతకాలం తెచ్చుకున్న పేరు కాస్తా గంగలో కలుస్తుంది."

ఆ మాట ఆమెకు నచ్చకపోలేదు. ఒక్క క్షణం నిలబడింది. ఆ క్షణంలో ఎక్కడో ఒక మంచం మీద ఎవరో పక్కకు తిరిగి పడుకుంటున్నట్టు, ట్యూబు మోచేతి కిందికి పోతున్నట్టు కనబడింది.

"మనం వెతికేలోపల ట్యూబు మడతపడితే, బాబాయ్?"

 ఆమె మెట్లెక్కింది.

పెద్ద డాక్టరమ్మ గదిలో కాగితాల మీద సంతకాలు పెడుతోంది. ఆసుపత్రి మొత్తానికి బాధ్యురాలు ఆవిడే. రిబ్బన్లక్క గుమ్మంలోంచే చెప్పేసింది. కూర్చుంటే నోరు పెగలదని భయం.

"మేడమ్, పరీక్ష పూర్తికాకుండా ఒక సిరంజి పంపుకి పచ్చ కట్టేశాను. అది పైకొచ్చేసింది. ట్యూబు మూసుకుపోతే అరుస్తుందో లేదో నాకు తెలీదు. ఏ వార్డులో ఉందో కూడా తెలీదు."

డాక్టరమ్మ కలం మూసింది. "గుర్తేంటి?"

"మూలకి తెల్ల టేపు."

ఆవిడ ఫోను అందుకుని ఒక్కో వార్డుకూ ఒకే మాట చెప్పింది. సిరంజి పంపు నడుస్తున్న ప్రతి మంచం దగ్గరా ఒక మనిషి నిలబడాలి. ట్యూబు మీద కన్ను తియ్యకూడదు. మూలకు తెల్ల టేపున్న పంపు కనిపిస్తే డాక్టరు పక్కనుండగా వేరేది పెట్టాలి. రిబ్బన్లక్క వస్తోంది, ఏది అడిగినా చూపించాలి.

ఫోను పెట్టి, "ఇంకా ఇక్కడే ఉన్నారేంటి? వెళ్ళండి. తిట్లు ఎక్కడికీ పోవు, తీరిగ్గా తిందురుగాని," అంది.

అత్యవసర విభాగంలో ప్రతి మంచం దగ్గరా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పంపుల మూలలన్నీ నున్నగా ఉన్నాయి. రిబ్బన్లక్క ఒక్కోదాని మీదా వేలు పెట్టి చూసింది. కళ్ళను నమ్మబుద్ధి కాలేదు.

పిల్లల వార్డులో అడుగు పెట్టగానే గుమ్మం దగ్గరే ఆగింది. కిటికీ పక్క మంచం దగ్గర పంపు, దాని మీద తెల్ల టేపు. పిల్ల నిద్రపోతోంది. తల్లి ట్యూబును రెండు వేళ్ళ మధ్య దారంలా పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది.

దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ టేపు మూలకు లేదు, మధ్యలో ఉంది. దాని మీద మంచం నంబరు రాసి ఉంది. మూలలు నాలుగూ బాగానే ఉన్నాయి.

"ఏమైందండీ? ఎందుకు పట్టుకోమన్నారు?" అంది తల్లి.

"మీ మిషను మంచిదేనమ్మా. ఇక వదిలెయ్యి."

"నిజంగా వదిలెయ్యనా?"

"నిజంగా. చెయ్యి నొప్పెట్టి ఉంటుంది."

తల్లి వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. నర్సు వైపు తిరిగి నవ్వింది. రిబ్బన్లక్కకు నవ్వు రాలేదు. ఇంకా సర్జరీ వార్డు మిగిలింది.

సర్జరీ వార్డు హెడ్ నర్సును వెనకాల అందరూ తాళాలమ్మ అంటారు. నడుముకు పెద్ద తాళాల గుత్తి. ఆమె వస్తోందంటే ముందు గుత్తి వస్తుంది. రిబ్బన్లక్కా ఆమే ఆసుపత్రిలో ఒకేసారి చేరారు. అప్పటినుంచీ ఒసేయ్ అంటే ఒసేయ్ అనుకునే చనువు.

వార్డులో నడుస్తున్న పంపులు రెండూ మంచివే.

"ఇంతేనా?" అంది రిబ్బన్లక్క.

"ఇంతే. ఇదేమన్నా మిషన్ల కొట్టా?"

ఆ మాట అంటున్నప్పుడు తాళాలమ్మ చెయ్యి గుత్తి మీదికి వెళ్ళింది. రిబ్బన్లక్క చూసింది. ఆ ఆసుపత్రిలో ఇది ఎవరికీ కొత్త కాదు. ప్రతి వార్డూ మంచి మిషను చేజిక్కితే ఎక్కడో ఒకచోట దాస్తుంది. బీరువాలో, మంచం కింద, దుప్పట్ల వెనక. పక్క వార్డువాళ్ళు అడిగితే లేదంటుంది. దాచినవాటిని పట్టుకోవడానికి రిబ్బన్లక్క చాలాసార్లు వచ్చింది, చాలాసార్లు పోట్లాడింది. తాళాలమ్మ ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు.

ఈసారి రిబ్బన్లక్క గొంతు పెంచలేదు.

"ఒసేయ్, నేను మిషను పట్టుకుపోడానికి రాలేదే. నిన్న నేను సగం పరీక్ష చేసి పచ్చ కట్టేశా. అది అరవకపోవచ్చు. ఎవరికన్నా పెట్టుంటే మనిషి పోతాడు. తప్పు నాది. పెద్దావిడకి చెప్పేసే వచ్చా. నీ వార్డులో ఉందా లేదా, అదొక్కటి చెప్పు."

తాళాలమ్మ ఆమె మొహంలోకి చూసింది. తరవాత గుత్తి పట్టుకుని నడిచింది. నడవా చివర దుప్పట్ల గది. గుత్తిలోంచి వెతక్కుండానే తాళంచెవి తీసింది. లోపలి బీరువా పై అరలో కంబళ్ళ వెనక చెయ్యి పెట్టి, దిండు గలీబులో చుట్టిన మూట ఒకటి బయటికి లాగింది.

గలీబు జారింది. పచ్చ రిబ్బను. మూలకు తెల్ల టేపు.

"ఎవరికైనా..." అంది రిబ్బన్లక్క.

"ఎవరికీ పెట్టలా. బండి మీంచి తీశా, తిన్నగా తెచ్చి ఇక్కడ పడేశా. తాళం నా నడుముకే ఉంది, నిద్రలో కూడా."

రిబ్బన్లక్క అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. వీపు బీరువాకు ఆనింది. ఊపిరి పొద్దుటినుంచీ ఎక్కడో పైనే ఉండిపోయినట్టుంది, ఇప్పుడు కిందిదాకా దిగింది. కళ్ళు తుడుచుకుంటే నీళ్ళు మళ్ళీ వచ్చాయి. నవ్వు కూడా వచ్చింది. రెండూ కలిసి వచ్చాయి.

"లేవే. దుప్పట్ల మీద ఏడిస్తే తడిసిపోతాయి. మళ్ళీ ఆ లాండ్రీ వదిన నన్ను తిడుతుంది."

లేచింది. స్టూలు మీద పంపు పెట్టింది. జేబులోంచి క్లిప్పు తీసింది. తాళాలమ్మ సిరంజిలో నీళ్ళు నింపి తెచ్చింది. బటను నొక్కితే పంపు హుషారుగా కుయ్యిమంది.

"పలుకుతోందిగా! ఊరికే చంపావు కదే నన్ను," అంది తాళాలమ్మ.

"ఆగు."

ట్యూబుకు క్లిప్పు బిగించింది. మిషను నెడుతూనే ఉంది. నీరు పోవడానికి దారి లేదు. సిరంజిలో రబ్బరు నొక్కుకుపోయింది. ఇద్దరూ వంగి, చెవులు దగ్గర పెట్టి నిలబడ్డారు. వార్డులోంచి దగ్గు వినిపించింది. ఎవరో నీళ్ళు అడిగారు, గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. పంపు మీద దీపం పచ్చగా, నిశ్చింతగా వెలుగుతోంది. ఎంతసేపు చూసినా అరవలేదు.

తీగ ఒక్కటే కాదు, పడ్డప్పుడు లోపల ఒత్తిడిని పసిగట్టే భాగం కూడా దెబ్బతింది. బటనుకు పలికింది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఆ ఒక్క పరీక్షకే తెలుస్తుంది.

తాళాలమ్మ మెల్లగా అంది: "ఆదివారానికని దాచానే. కొత్తగా ఆపరేషనైన పెద్దాయన ఉన్నాడు, రక్తపోటు పడిపోతే పెడదామని."

రిబ్బన్లక్క పచ్చ ముడి విప్పింది. ఎర్రది కట్టింది. ముడి రెండుసార్లు బిగించింది.

తాళాలమ్మ గుత్తి గలగలమనిపించింది. "చూశావా మరి. నేను దాచబట్టి బతికిపోయావు. ఇకనుంచి నా బీరువా మీదికి దండెత్తి రాకు."

"దాచావు కాబట్టే వచ్చిన మిషను ఎక్కడుందో ఎవరికీ తెలీకుండా పోయింది."

"తెలిసుంటే ఈపాటికి ఎవరి చేతికో తగిలించి ఉండేవాళ్ళం."

అది నిజమే. రిబ్బన్లక్క తల ఎత్తి పై అర వైపు చూసింది.

"ఇంకా ఏమున్నాయి లోపల?"

"కంబళ్ళున్నాయి."

"కంబళ్ళ వెనక?"

తాళాలమ్మ కాసేపు కప్పు వైపు చూసి, చెయ్యి పెట్టింది. ఇంకో సిరంజి పంపు వచ్చింది. దాని మీద పచ్చ రిబ్బను వెలిసి తెల్లబడింది. రిబ్బన్లక్క బటను నొక్కింది. దీపం వెలగలేదు. మళ్ళీ నొక్కింది.

"బ్యాటరీ చచ్చింది. చార్జింగు లేకుండా కట్టిపడేస్తే చావక ఏం చేస్తుంది? పెద్దాయనకి అవసరమై దీన్నే తీసుంటే?"

తాళాలమ్మ జారిపడ్డ గలీబును మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.

"సరదాకి దాచలేదే. ఆదివారం నీ గదికి తాళం. ఆ మధ్య ఒకావిడకి ఇలాగే అవసరమైంది. మిషను లేదు, పక్క వార్డువాళ్ళు లేదన్నారు. వాళ్ళ దగ్గర ఉందని నాకు తెలుసు, దాచారని తెలుసు. ఏం చెయ్యను? మామూలు సీసాతో మందెక్కించి, మంచం పక్కనే చుక్కలు చూస్తూ కూచున్నా. రెప్ప వెయ్యలేదు. ఆవిడ బతికింది. కాని ఇక నావల్ల కాదనుకున్నా."

ఇన్నేళ్ళ పోట్లాటలో ఆ మాట ఎప్పుడూ రాలేదు. రిబ్బన్లక్క అడగలేదు, తాళాలమ్మ చెప్పలేదు. రిబ్బన్లక్క ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే దాచానని ఒప్పుకున్నట్టేగా!"

ఇద్దరూ నవ్వారు. బయట ఉన్న నర్సు తలుపు తోసి చూసి, ఆ ఇద్దరూ కలిసి నవ్వడం కొత్త కాబట్టి, చప్పుడు చెయ్యకుండా మళ్ళీ తలుపు వేసింది.

తిట్లు తినడానికి రిబ్బన్లక్క తనే వెళ్ళింది. డాక్టరమ్మ మొత్తం విన్నది. నిజంగానే తిట్టింది, గట్టిగానే. అన్నీ న్యాయమైనవే, తినడానికి ఇబ్బంది అనిపించలేదు. ఆఖర్న అడిగింది:

"రేపు మళ్ళీ చేతులు వాటంతటవే కట్టేస్తే?"

"అదే ఆలోచిస్తున్నాను మేడమ్. మంచిదానికి రంగుంది, చెడ్డదానికి ఉంది. సగంలో ఉన్నదానికి లేదు."

"అయితే అదే మీకు శిక్ష. రంగు వెతకండి. ఆదివారానికి నేనొకటి వెతుకుతాను."

ఆవిడ వెతికింది చిన్న విషయమే. ప్రతి వార్డులో నర్సుల బల్ల పక్కన, అందరికీ కనబడేచోట, ప్లగ్గు ఉన్న అర ఒకటి. దాని మీద ఎప్పుడూ ఒక మంచి పంపు చార్జింగులో ఉంటుంది. అది ఆ వార్డుదే, ఎవరూ లాక్కోరు. రిబ్బన్లక్క గది రెండో తాళంచెవి ఆదివారం బండి బాబాయ్ దగ్గర ఉంటుంది. బదులుగా బీరువాలన్నీ తెరవాలి. తెరిచినవాళ్ళను ఎవరూ ఒక్క మాట అనకూడదు.

ఆ మధ్యాహ్నం బండి బాబాయ్‌కి ఊపిరి సలపలేదు. బీరువాల్లోంచి, మంచాల కిందనుంచి, ఒకచోట స్నానాల గది అటకమీదనుంచి మిషన్లు దిగాయి. నర్సులు తెచ్చి బండి మీద పెడుతూ, "ఇదెలా వచ్చిందో మాకు తెలీదు," అన్నారు. "ఏం కంగారు లేదమ్మా, దానికి కాళ్ళొచ్చి ఉంటాయి," అన్నాడు బాబాయ్. కిందికి దించి చమట తుడుచుకుంటూ, "అమ్మాయ్, మనకి మిషన్లు చాలడం లేదని ఇన్నాళ్ళూ మొత్తుకున్నామే, అవన్నీ మన నెత్తి మీదే పడుకుని ఉన్నాయి," అన్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి భర్త రవికె చేతులు కుడుతున్నాడు. ఆమె గుమ్మంలోనే చెప్పుల్లో నిలబడి, "ఏమండీ, పసుపు గుడ్డ ఏమన్నా ఉందా?" అంది.

"ముందు లోపలికి రా. మొహం ఏంటి అలా ఉంది?"

కూర్చుని చెప్పింది. కుట్టుమిషను ఆగింది. అత్తగారు వింటూ వింటూ చేతిలో పని వదిలేసింది. పంపు దిండు గలీబులోంచి బయటపడిన దగ్గర, "హమ్మయ్య," అని గుండెల మీద చెయ్యి వేసుకుంది, ఆ పెద్దాయన తన తోబుట్టువైనట్టు. భర్త ముక్కల సంచి బోర్లించాడు. నీలం, తెలుపు, గులాబీ, పచ్చ. పసుపు లేదు.

అత్తగారు లేచి లోపలికి వెళ్ళి పెట్టె తెరిచింది. పాత లంగా ఒకటి తెచ్చి కోడలి ఒళ్ళో పడేసింది. దాని అంచు గట్టి పసుపు.

"అత్తయ్యా, ఇది మీరు దాచుకున్నది."

"దాచుకుంటే ఏమవుతుందో ఇప్పుడేగా చెప్పావు. కత్తిరించు. నాకెలాగూ నడుము దగ్గర పట్టదు."

పంపుకు కావలసిన కొత్త భాగం కొన్నాళ్ళకు వచ్చింది. రిబ్బన్లక్క దాన్ని బిగించి మూత వేసింది. పిడికి పసుపు రిబ్బను కట్టింది. సిరంజిలో నీళ్ళు పెట్టి బటను నొక్కింది.

గ్లాసులో చుక్కలు చేరుతున్నాయి. చేతులు జేబు వైపు వెళ్ళాయి. వెనక్కి తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి బల్ల మీది స్క్రూడ్రైవరు సర్దబోయాయి. మళ్ళీ తెచ్చుకుంది. ఆఖరికి రెండు చేతులనూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. తండ్రి ఎలా కూర్చునేవాడో ఆలోచించింది. తేలికైన పనిలా కనబడేది.

గ్లాసులో నీరు గీతకు చేరింది. సరిపోయింది. అప్పుడు క్లిప్పు తీసి ట్యూబుకు బిగించింది, ఆగింది.

పంపు అరిచింది. చెవులు చిల్లులు పడేలా అరిచింది. దీపం ఎర్రగా వెలిగి ఆరుతోంది.

గోడ మీద దబదబా చప్పుడైంది. "వదినా! ఆపు ఆ రాక్షసిని! తల పగిలిపోతోంది!"

"ఒక్క నిమిషం, వదినా! అరవనీ!"

చాలినంతసేపు విన్నది. తరవాత బటను నొక్కి ఆపింది. క్లిప్పు తీసి కుళాయి కింద కడిగి, కిటికీ గట్టు మీద పెట్టింది. పసుపు ముడి విప్పింది. పచ్చ రిబ్బను కోసం జేబులో చెయ్యి పెట్టింది.

గట్టు మీద క్లిప్పు తడిగా, ఎండలో ఆరుతోంది.